ఈమెకి చలి వెయ్యదా పిన్నీ?

వేసవి సెలవులకి మా అక్క కూతురు హైదరాబాద్ వచ్చింది. పన్నెండేళ్లు. ఇంట్లో చిట్టి అంటాం. పొద్దున్న టిఫిన్ అయినప్పట్నుంచీ నా పాత ఫోన్ పట్టుకుని, సోఫాలో కాళ్లు పైకి, తల కిందికి పెట్టి ఏదో యుద్ధాల గేమ్ ఆడుతూ ఉంటుంది. మొన్నొకరోజు నేను దోసెలు పోస్తుంటే వంటింట్లోకొచ్చి స్క్రీన్ నా మొహానికి అడ్డం పెట్టింది. మంచుకొండలు, ఈదురుగాలి. మగ యోధుడికి చెవులు కప్పే టోపీ, బొచ్చు కోటు, మోచేతుల దాకా తొడుగులు. పక్కనే ఆడ యోధురాలు. పైన రెండు ఇనప చిప్పలు, కింద ఇనప గోచీ లాంటిదొకటి, మధ్యలో బొడ్డు.

"పిన్నీ, ఈమెకి చలి వెయ్యదా?"

"ఆమెకి వేస్తుందే. బొమ్మ గీసినవాడికి వెయ్యలేదు."

ఈలోపు దోసె మాడింది. "పోనీ నిండుగా ఉన్న డ్రెస్ ఏదైనా వెయ్యి పాపం" అన్నాను. "అమ్మో, వద్దు! దీనికే డిఫెన్స్ ఎక్కువ. ఒళ్లంతా కప్పేదానికి ఇందులో సగం కూడా లేదు" అంది. అంటే బట్ట తగ్గినకొద్దీ కత్తిదెబ్బ తగలదన్నమాట. చిట్టికి ఇందులో వింతేమీ కనబడలేదు. నంబర్ ఏది పెద్దదైతే అది తొడుగుతుంది, అంతే.

నాకూ కొత్త కాదు. ఇలాంటి బొమ్మలు తయారయ్యే వంటింట్లోనే నా ఉద్యోగం. నేను రిగ్గింగ్ చేస్తాను. మోడలర్ చేసిన బొమ్మ లోపల ఎముకలు అమర్చి, ఏ ఎముక కదిలితే పైన చర్మం ఎంత కదలాలో రంగులు పూసి చెప్పడం నా పని. తోలుబొమ్మలకి పుల్లలూ దారాలూ కట్టేవాళ్లుంటారు కదా, అలాగన్నమాట. గేమ్ ఏ దేశానిదైనా, అందులో కొన్ని చేతులూ కాళ్లూ కదలడం నేర్చుకునేది మాదాపూర్‌లో. పదమూడేళ్లుగా ఎన్ని తొడలకి, ఎన్ని నడుములకి రంగులు పూశానో లెక్కలేదు. అందుకే చిట్టి ప్రశ్న నన్ను వదల్లేదు.

మొదట్నుంచీ చెప్తాను.

మాది తణుకు. మా పెద్దమ్మ కొడుకు శ్రీను అన్నయ్య 2002లో బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెట్టాడు. ఆరు కంప్యూటర్లు, గంటకి ఇరవై రూపాయలు. నెట్ మాటిమాటికీ పోయేది. పోయినప్పుడల్లా అందరూ గేముల మీద పడేవాళ్లు. మధ్యాహ్నం బేరం లేనప్పుడు నాకు ఫ్రీ. "చెల్లెమ్మా, పవర్ పోతే ముందు మానిటర్ ఆపు" అనేవాడు, అదొక్కటే షరతు. అక్కడే టూంబ్ రైడర్ గేమ్ హీరోయిన్ లారా క్రాఫ్ట్‌ని చూశాను.

టూంబ్ రైడర్ మొదటి గేమ్ 1996లో వచ్చింది. ఇంగ్లండ్‌లో డెర్బీ అనే ఊళ్లో కోర్ డిజైన్ అనే కంపెనీ చేసింది. లారాని తయారుచేసినతను టోబీ గార్డ్. ముందు అనుకున్న పేరు లారా క్రూజ్. అప్పటి కంప్యూటర్ల శక్తికి మనిషి బొమ్మని కొన్ని వందల ముక్కలతోనే సరిపెట్టాలి, కాబట్టి ఆమె ఛాతీ గుండ్రంగా ఉండదు, రెండు పిరమిడ్లు. పక్కనుంచి చూస్తే సమోసాలే. అయినా నెట్ సెంటర్ కుర్రాళ్లకి ఆ సమోసాలే లోకం. అన్నయ్య గోడమీద ఒక పోస్టర్ అంటించాడు. అందులో లారా బొమ్మకీ, గేమ్‌లో లారాకీ సంబంధమే లేదు. పోస్టర్ మీద ఆమె ఏ పనీ చెయ్యదు, వంగి చూస్తూ ఉంటుంది.

గేమ్‌లో లారా అలా కాదు. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి గెంతి, వేళ్లతో పట్టుకుని వేలాడుతుంది. పట్టుకున్నప్పుడు గొంతులోంచి చిన్న మూలుగు. ఆ మూలుగు వింటే నా భుజాలు నొప్పెట్టేవి. వేలాడుతున్నప్పుడు నడక కీ నొక్కిపెట్టి పైకెక్కిస్తే, చేతుల మీద తలకిందులుగా నిలబడి మెల్లగా కాళ్లు దించేది. దానివల్ల గేమ్‌లో లాభమేమీ లేదు. ఊరికే, చెయ్యగలదు కాబట్టి చేస్తుంది. నేను ఎనిమిదో క్లాసు. పీఈటీ సార్ ఆడపిల్లలకి రింగ్ ఆట తప్ప ఇంకేమీ ఆడనిచ్చేవాడు కాదు. లారా చేత ఆ ఫీటు ఎన్నిసార్లు చేయించానో. లారా ఇంట్లో పనిచేసే ముసలి బట్లర్‌ని ఫ్రీజర్ గదిలో పెట్టి తలుపేసింది మాత్రం ఒప్పుకోవాలి, నేనే. రెండో గేమ్ ఆడిన ప్రతివాళ్లూ చేసిన పాపమే అది.

కుర్రాళ్ల సంగతి వేరు. ఫలానా కీలు ఫలానా వరసలో నొక్కితే లారా బట్టలు ఊడిపోతాయని ఒక పుకారు. ఈ పుకారు తణుకుది కాదని చాలా ఏళ్లకి తెలిసింది, ప్రపంచమంతా తిరిగిన పుకారట. గేమ్‌లో అలాంటి కోడ్ ఏదీ లేదు. నిజంగా ఉన్న వరస వేరు: ముందుకో అడుగు, వెనక్కో అడుగు, అక్కడే మూడు ప్రదక్షిణలు, ఆపైన ఒక గెంతు. మొదటి గేమ్‌లో లెవెల్ దాటించే చీట్, అంటే దొంగదారి, అది. 1997లో వచ్చిన రెండో గేమ్‌లో అదే చీట్ అలాగే చేస్తే లారా పేలిపోతుంది. మా దగ్గర పాలిటెక్నిక్ కుర్రాడొకడు ఎంతో ఆశగా ప్రదక్షిణలు చేయించి గెంతించాడు. ఠాప్! కాళ్లోపక్క, చేతులోపక్క. నెట్ సెంటర్ మొత్తం గొల్లుమంది.

ఆ రెండో గేమ్ చివర్లో ఇంకోటుంది. అన్నీ అయిపోయాక లారా ఇంట్లో స్నానానికి వెళ్తుంది. ఒంటిమీద గౌను విప్పబోతూ ఆగి, మనవైపు తిరిగి, చూసింది చాలదా అన్నట్టు ఒక మాటని తుపాకీ పేలుస్తుంది. అంతే, ఆట అయిపోయింది. రెండు వారాలు గంటకి ఇరవై పోసి అక్కడిదాకా వచ్చిన వాళ్ల మొహాలు చూడాలి! నాకు మాత్రం పండగ. కానీ ఇప్పుడు ఆలోచిస్తే అదీ గడుసు వ్యాపారమే అనిపిస్తుంది. తలుపు తీస్తామని ఊరించి, మొహంమీద వేసి, ఆ ఊరింపునీ అమ్ముకున్నారు. లారాని ఆ రకంగా అమ్మడం టోబీ గార్డ్‌కి నచ్చలేదు. మొదటి గేమ్ అయ్యాక కంపెనీ వదిలేశాడు.

ఊరించడం లారాతో మొదలవలేదు. 1986లో జపాన్‌లో వచ్చిన మెట్రాయిడ్‌లో హీరో ఇనప సూట్‌లో ఉంటాడు. ఉంటాడు అనే అందరూ అనుకుంటారు. గేమ్ త్వరగా ముగిస్తే చివర్లో హెల్మెట్ తీస్తే ఆడమనిషి, పేరు సామస్. ఎంత బాగుంది! ఇంకా త్వరగా, గంటలోపు ముగిస్తే? బికినీలో కనిపిస్తుంది. అదీ బహుమతి. ఇరవయ్యొక్కేళ్ల తర్వాత, 2007లో పోలండ్ వాళ్ల ది విచర్‌లో హీరో ఎవరితోనైనా పడుకుంటే ఆమె బొమ్మ ఉన్న కార్డు ఒకటి వస్తుంది, దాచుకోవచ్చు. చిన్నప్పుడు మావీధి పిల్లలు బబుల్‌గమ్ క్రికెటర్ల కార్డులు పోగేసినట్టు. సచిన్ దొరికాడా, ద్రావిడ్ ఇంకా రావాలా. ఆ సిరీస్ మూడో భాగంలో కార్డుల గోల లేదులెండి, ఆడవాళ్లకి కాస్త మాటా మనసూ వచ్చాయి. ఇక వైస్ సిటీ అనే గేమ్ సంగతి మా నెట్ సెంటర్‌లో పదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. రోడ్డు పక్కన అమ్మాయిని కారెక్కిస్తే హెల్త్ పెరుగుతుంది, దిగాక కొట్టి చంపితే ఇచ్చిన డబ్బులు వెనక్కొస్తాయి. నేనక్కడే కూర్చుని ఉండగా వాళ్లు ఈ కిటుకు ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు, లెక్కల ఫార్ములా చెప్పుకున్నట్టు.

సరే, ఉద్యోగం.

2012. నా మొదటి స్టూడియో, పేరు అనవసరం. జీతం పద్నాలుగు వేలు, అమీర్‌పేటలో హాస్టల్. ఆఫీసులో మా గదిలో పద్నాలుగు మంది, అందులో ఆడవాళ్లం ఇద్దరం. బయటి దేశపు క్లయింట్ ఒకరికి ఫైటింగ్ గేమ్ బొమ్మలు చేస్తున్నాం. నాకిచ్చింది కత్తి పట్టుకున్న అమ్మాయి. ఒంటిమీద తోలు కవచం.

ఇందులో కిటుకు మీకు చెప్పాలి. ఛాతీలో రెండు అదనపు ఎముకలు పెడతాం. పేరుకే ఎముకలు, నిజానికి స్ప్రింగులు. రెండు నంబర్లుంటాయి. ఒకటి స్ప్రింగ్ బిగువు, ఇంకోటి ఊగుడుని ఎంత గట్టిగా ఆపాలి అనేది. మొదటిది తగ్గిస్తే ఎక్కువ ఊగుతుంది, రెండోది తగ్గిస్తే ఊగుతూనే ఉంటుంది. గుర్రం తోకకి, చెవి జుంకాకి, జడకి కూడా ఇదే పద్ధతి. బిగించి కట్టిన తోలు కింద ఏదైనా ఎంత కదులుతుంది? అంతే పెట్టాను. ఫీడ్‌బ్యాక్ షీట్ వచ్చింది: ఛాతీ కదలిక పెంచండి. పెంచాను. మళ్లీ వచ్చింది: ఇంకా పెంచండి. మూడోసారి ఏకంగా వేరే గేమ్ వీడియో జతచేసి పంపారు, ఇలా కావాలని. అందులో అమ్మాయి ఊరికే నిలబడి ఊపిరి తీసుకుంటుంటేనే, పాలిథీన్ కవర్లో నీళ్లు పోసి ఊపినట్టుంది. 1996లో మొదలైన డెడ్ ఆర్ అలైవ్ సిరీస్‌కైతే ఈ ఊపుడే ట్రేడ్‌మార్క్, అందులోవాళ్లు కొట్టుకుంటారన్న సంగతి తర్వాత గుర్తొస్తుంది. అదే ప్రాజెక్టులో నా పక్క సీటు అబ్బాయికి సుమో లాంటి మల్లయోధుడు వచ్చాడు. పెద్ద బొజ్జ. ఆ బొజ్జకి ఒక్క స్ప్రింగ్ పెడదామండీ, గెంతినప్పుడు బాగుంటుంది అని అడిగాడు. ఎముకల లెక్క దాటిపోతుంది, కుదరదన్నారు.

నాకు పంతం వచ్చింది. లంచ్ టైములో నా కొలీగ్‌ని ఫోన్ పట్టుకోమని చెప్పి, ఆఫీస్ వెనక మెట్ల మీద నేనే పరిగెత్తాను. నాలుగంతస్తులు, మూడుసార్లు. ఇద్దరం కూర్చుని ఆ వీడియో నెమ్మదిగా తిప్పి చూశాం. ఛాతీ సంగతి కాదు, చేతుల సంగతి మాకు కనిపించింది. మెట్లు దిగుతున్నప్పుడల్లా నా ఎడమ చెయ్యి దానంతటదే ఛాతీకి అడ్డం వస్తోంది. చున్నీ సర్దుకున్నట్టు ఉంది కానీ సర్దుకోవడం కాదు, ఊగకుండా పట్టుకోవడం. ఎందుకంటే ఊగితే నొప్పి. బస్సు వెనక పరిగెత్తిన ప్రతి ఆడదానికీ తెలుసు ఇది. గేముల్లో అన్నేళ్లుగా అంతమంది అమ్మాయిలు అంతలా ఊగారు, ఒక్కరికీ ఎక్కడా నొప్పెట్టలేదు. ఆ శరీరాలకి బరువు లేదు. బరువున్నట్టు ఊగుతాయి, అంతే.

వీడియో క్లయింట్‌కి పంపుదామన్నాను. మా లీడ్ మంచివాడే. "పర్సనల్‌గా తీసుకోకమ్మా, వాళ్లడిగింది ఇచ్చేద్దాం, శుక్రవారం డెలివరీ" అన్నాడు. ఇచ్చేశాను. బిగువు బాగా తగ్గించి, ఆగడం కూడా తగ్గించి. ఆ గేమ్ విడుదలయ్యాక ఒక రివ్యూలో ఒకాయన ప్రత్యేకంగా ఆ కదలికల్ని మెచ్చుకున్నాడు. నా పనిని బయటివాళ్లు మెచ్చుకోవడం అదే మొదటిసారి. హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ల తర్వాత, 2014 జూన్‌లో, యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ వాళ్లు అసాసిన్స్ క్రీడ్ యూనిటీ గేమ్‌లో ఆడించడానికి ఆడపాత్ర ఎందుకు లేదంటే, యానిమేషన్ పని రెట్టింపవుతుంది అన్నారు. అదే సిరీస్‌లో అంతకుముందు పనిచేసిన జొనాథన్ కూపర్ అనే యానిమేటర్, ఒకటి రెండు రోజుల పని అది అన్నాడు. మా క్యాంటీన్‌లో ఆరోజు పప్పన్నం మానేసి మరీ నవ్వుకున్నాం. నా ఆడ ఫైటర్ ఛాతీ ఒక్కదానికే పదకొండు రోజులు పట్టింది మరి! 

చిట్టి అడిగిన చలి ప్రశ్నకి ఒక పెద్ద గేమ్ నిజంగానే జవాబిచ్చింది. మెటల్ గియర్ సాలిడ్ 5లో క్వయెట్ అనే స్నైపర్. యుద్ధభూమిలో బికినీ, చిరిగిన మేజోళ్లు. 2013లో జనం ఇదేంటని అడిగితే, దర్శకుడు కొజిమా కారణం తెలిశాక మీరే సిగ్గుపడతారు అన్నాడు. 2015లో గేమ్ వచ్చింది. కారణం ఏమిటయ్యా అంటే, ఆమె చర్మంతో ఊపిరి తీసుకుంటుందట, బట్టలేస్తే ఊపిరాడదట. సరే, ఒప్పుకుందాం. కానీ అదే సిరీస్‌లో 2004 నాటి మూడో భాగంలో ది ఎండ్ అనే ముసలి స్నైపర్ ఉన్నాడు. ఆయన కూడా చెట్టులాగా ఎండతో బతికేవాడే. ఆయనకి మాత్రం ఒంటినిండా బట్టలు. తాతయ్యని బికినీలో చూడాలని ఎవరికీ అనిపించలేదు కాబట్టి ఆయన చర్మం సర్దుకుపోయింది.

ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: "మన గుళ్ల మీద లేవా బొమ్మలు?" ఇప్పటి ఆఫీసులో కూడా ఒకతను అన్నాడు, మర్యాదగానే. తీసిపారెయ్యడానికి లేదు. పోయిన డిసెంబర్లో అక్కావాళ్లతో పాలంపేట వెళ్లినప్పుడు రామప్ప గుడిలో ఆ మాట మనసులో పెట్టుకునే చూశాను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. చూరు కింద పన్నెండు మంది మదనికలు, నల్లరాతి ఆడశిల్పాలు. ఒకామె పాదాలకి మడమ ఎత్తు చెప్పులు. గైడ్ అందరికీ చూపించేది అదే, "చూడండి, హైహీల్స్ మనవాళ్లవే" అని. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే 2017లో వచ్చిన నియర్ ఆటోమాటా గేమ్‌లో 2బి అనే మరమనిషి అమ్మాయి యుద్ధాలన్నీ హీల్స్ మీదే చేస్తుంది. ఎందుకలా అని అడిగితే దర్శకుడు యోకో టారో నాకు అమ్మాయిలంటే ఇష్టం, అంతే అన్నాడు. కొజిమా సమాధానం కంటే అదే నయం, కనీసం నిజాయితీ ఉంది.

మదనికలకి బట్టలు తక్కువే. కానీ వృత్తి అలవాటుకొద్దీ నేను చూసింది తుంటి. బరువంతా ఒక కాలి మీద పడింది. అటువైపు తుంటి పైకి లేచింది, దానికి సమంగా భుజం కిందికి దిగింది. రెండో మోకాలు సడలింది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఆ రాయి చెక్కినవాడికి శరీరం బరువు ఎటు జారుతుందో తెలుసు. చూసే మగవాళ్ల కోసం చెక్కలేదని నేననను, రాజుల డబ్బు, సేనానుల గుడి. కానీ ఆమె నిలబడగలదు. మా బొమ్మల్లో చాలావాటిని గేమ్ ఇంజిన్, అంటే గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, వదిలేస్తే వెనక్కి పడిపోతాయి. ఛాతీ ముందుకి, పిరుదులు వెనక్కి, నడుం ఎస్ ఆకారంలో ఒకేసారి తిప్పితే వెన్నెముక ఒప్పుకోదు. ఆ ఫోజు రిగ్‌లో పెట్టినప్పుడల్లా నడుం దగ్గర తోలు నలిగిపోతుంది, దాన్ని సర్దలేక చస్తాం. 

అక్క ఇదంతా విని, "అయితే నిండా బట్టలేస్తే గొడవ వదిలిపోతుందిగా" అంది. ఇక్కడే నాకూ అక్కకీ పడదు. నిండా బట్టలేసి కూడా కెమెరాని పిరుదుల ఎత్తులో పెట్టొచ్చు, మన సినిమాల్లో చీరకట్టిన హీరోయిన్‌కి చేస్తున్నది అదే కదా. 2009 నాటి గేమ్ హీరోయిన్ బయొనెటా ఉంది. ఆమె సూట్ ఆమె జుట్టే. పెద్ద దెబ్బ కొట్టినప్పుడల్లా జుట్టు ఆయుధమైపోయి ఒంటిమీద బట్ట తగ్గుతుంది. ఆమెని గీసింది మారి షిమజాకి అనే ఆవిడ. నాకు బయొనెటా అంటే ఇష్టం. చూసేవాడిని ఆమే ఆటపట్టిస్తున్నట్టుంటుంది. నా ఫ్రెండ్‌కి అస్సలు పడదు, అదంతా నటన, కెమెరా చూడు ఎక్కడుందో అంటుంది. కెమెరా విషయంలో ఆమె మాట నిజమే. ఐదేళ్లుగా వాదించుకుంటున్నాం, తేలలేదు.

కోరికంటూ చూపించొద్దని కూడా నేననను. 2020లో ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో ఎల్లీ, డీనా అనే ఇద్దరమ్మాయిలు డాన్స్ చేస్తూ ముద్దు పెట్టుకుంటారు. కెమెరా వాళ్ల మొహాల మీదే ఉంటుంది. ఎల్లీకి లోపల భయం, ఇష్టం, ఎవరైనా చూస్తున్నారేమోనని ఇబ్బంది. ఆ ముద్దు వాళ్లది. నాకెవరూ కార్డు ఇవ్వలేదు.

అదే గేమ్‌లో ఆబీ అనే అమ్మాయి ఉంది. లాక్‌డౌన్ రోజులు, ఇంటినుంచే పని. ఆబీ చేతులు చూసి మా ఆఫీస్ వాట్సాప్ గ్రూప్ అట్టుడికిపోయింది. మగాడిలా ఉంది, ఆడవాళ్లకి ఇలాంటి కండలుండవు, గెడ్డం ఒక్కటే తక్కువ. బయటి ప్రపంచంలో ఇంకా ఘోరం, ఆబీకి గొంతిచ్చిన నటి లారా బెయిలీకి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. నిజానికి ఆ శరీరానికి నమూనా కొలీన్ ఫోట్ష్ అనే క్రాస్‌ఫిట్ క్రీడాకారిణి. 2024లో వచ్చిన కొరియా గేమ్ స్టెల్లార్ బ్లేడ్‌లో హీరోయిన్ ఈవ్ శరీరాన్ని కూడా షిన్ జే-ఉన్ అనే మోడల్‌ని స్కాన్ చేసే తయారుచేశారు. ఇద్దరూ నిజం మనుషులే. ఈవ్‌ని చూసి ఇలాంటి ఆడవాళ్లుండరు అన్నవాళ్లు మా గ్రూప్‌లో ఒక్కరూ లేరు.

ఆబీ గొడవ నాడు నేను గ్రూప్‌లో కరణం మల్లీశ్వరి ఫొటో పెట్టాను. 2000 సెప్టెంబర్, సిడ్నీ. 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు, కాంస్యం. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం అమ్మాయి. మర్నాడు పేపర్లో బొమ్మ చూసి మా నానమ్మ, "అవేం భుజాలే తల్లీ, మగరాయుడిలా" అంది. నాన్న లెక్కచెప్పాడు: ధాన్యం బస్తా డెబ్బై అయిదు కిలోలమ్మా, దాదాపు రెండు బస్తాలు ఒక్కసారి తలపైకెత్తింది. నానమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "అయితే ఆ మాత్రం భుజాలుండాలిలే" అంది. ఆబీ గొడవంతా నానమ్మ రెండు నిమిషాల్లో తేల్చేసింది. గ్రూప్‌లో మాత్రం ఫొటోకి ఇద్దరు బొటనవేలు పెట్టి, టాపిక్ మార్చారు.

హొరైజన్ అనే గేమ్ రెండో భాగం 2022లో వచ్చింది. అందులో హీరోయిన్ ఏలోయ్ బుగ్గల మీద నూగు చూసి గడ్డమొచ్చిందని గోలపెట్టారు. ఎండ వెనకనుంచి పడితే తప్ప కనిపించని నూగు అది. దాన్ని అంత సన్నగా తెప్పించడానికి ఎంత పని చేశారో నాకు తెలుసు, కడుపు మండింది. చంటిపిల్లప్పటి నుంచీ శనగపిండి నలుగు పెట్టి బుగ్గలు ఎర్రబడేదాకా రుద్దేది మా అమ్మ. ఇంకా పోలేదు, నెలకోసారి పార్లర్‌కి డబ్బు కడుతూనే ఉన్నాను. గోలపెట్టినవాళ్లకి ఏ ఇంట్లోనూ అక్కచెల్లెళ్లు లేరేమో.

ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్టులో ఒక దొంగపిల్ల ఉంది. పద్నాలుగేళ్లుంటాయి. గోడలు దూకుతుంది. దూకి నేలమీద పడే తీరుకి రిఫరెన్స్ కావాలని మా యానిమేటర్ అడిగాడు. ఇంట్లో ఒక కోతి ఉందిగా. ఆదివారం చిట్టిని పార్కింగ్ దగ్గర పిట్టగోడ ఎక్కించి, భుజాలకి నా బ్యాగ్ తగిలించి, కింద పాత పరుపు వేసి ఆరుసార్లు దూకించాను. వాచ్‌మన్ గారి భార్య వచ్చి, "ఏందమ్మా, పిల్లని సంపుతవా?" అని కేకలేసింది. దూకిన ప్రతిసారీ చిట్టి మోకాళ్లు వంచి, ఒక అరచెయ్యి నేలకి ఆనించి, లేచి, రెండు చేతులూ వెనక ప్యాంటుకి దులుపుకుని, నడుం దగ్గర పట్టుకుని ఎగలాక్కుంది. ఆరుసార్లూ అదే. నైట్ ప్యాంటు ఎలాస్టిక్ వదులైపోయింది.

యానిమేటర్ ఆ ఎగలాక్కోవడం కూడా ఉంచేశాడు. తీసెయ్యమంటారేమో అనుకుంటూనే పంపాం. ఫీడ్‌బ్యాక్ షీట్ వచ్చింది. ఆ వరసలో ఒకటే ప్రశ్న: చివర్లో ఈ చేతుల కదలిక ఏమిటి? నేను రాశాను: ప్యాంటు జారుతోంది. రెండ్రోజులు ఉలుకూ పలుకూ లేదు. నిన్న సాయంత్రం చూస్తే పక్కన పచ్చ టిక్ పడింది. చిట్టికి చూపించాను. తన బొమ్మ గోడ దూకి, దులుపుకుని, ప్యాంటు ఎగలాక్కోవడం మూడుసార్లు చూసింది. తర్వాత మొహం మాడ్చుకుంది.

"నా ఎలాస్టిక్ సంగతి వాళ్లందరికీ చెప్పేశావా పిన్నీ?"